మిల్లుపై సౌర విద్యుత్తు: ఫలకాలకు ముందు భవనాన్ని సిద్ధం చేయడం

కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో, తెలుగు మాట్లాడే పల్లెల నడుమ, సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం వెలసింది. అక్కడి విద్యుత్తు నేరుగా గ్రిడ్డుకు చేరుతుంది. రైస్ మిల్లు, నూనె మిల్లు వంటి పరిశ్రమల పైకప్పు మీద అమర్చే ఫలకాల సంగతి వేరు. ఆ విద్యుత్తు మిల్లులోని పాత ప్యానెల్ బోర్డులోనే, పాత తీగలలోనే కలుస్తుంది. కనుక భవనపు విద్యుత్ వ్యవస్థను చక్కబరచిన తరువాతనే ఫలకాలు బిగించవలసి ఉంటుంది.

పైకప్పు, వాడకం

ఒక కిలోవాటుకు నడక దారితో కలిపి సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి. మంచి ఎండ ఉన్న రోజున కిలోవాటుకు సుమారు 4 యూనిట్లు లభిస్తాయి. అంటే 100 కిలోవాట్లకు 10,000 చదరపు అడుగుల కప్పు, రోజుకు 400 యూనిట్లు. ఫలకాలు, వాటి చట్రం కలిసి చదరపు మీటరుకు సుమారు 15 కిలోల బరువు ఉంటాయి. గాలి తోపుడు దానికి అదనం. ఫలకాలు 25 ఏళ్లు పనిచేస్తాయి కనుక, శిథిలమైన రేకులను ముందే మార్చడం మేలు. కరెంటు బిల్లులో మంజూరైన లోడును, పగటి వాడకాన్ని, మిల్లు ఆగి ఉండే నెలలను కూడా లెక్కించవలసి ఉంటుంది.

ప్యానెల్ బోర్డు

100 కిలోవాట్ల ఇన్వర్టరు 415 వోల్టుల వద్ద ఒక్కొక్క ఫేజులో సుమారు 140 ఆంపియర్లను పంపుతుంది. మిల్లు బస్‌బార్ 400 ఆంపియర్లది, మెయిన్ బ్రేకరు కూడా 400 ఆంపియర్లదే అనుకుందాం. రెండు వైపుల నుండి కరెంటు వచ్చి చేరితే, కొన్ని అమరికలలో బస్‌బార్‌లోని ఒక భాగం గుండా 540 ఆంపియర్ల వరకు ప్రవహించవచ్చు. అయినా ఏ బ్రేకరూ పడిపోదు. బార్ మాత్రం వేడెక్కి కాలిపోతుంది. అందుచేత సౌర విద్యుత్తుకు విడి బ్రేకరు అమర్చి, అది ఎక్కడ కలవాలో లెక్క కట్టి నిర్ణయించాలి. అవసరమైతే బస్‌బార్‌ను పెద్దదిగా మార్చాలి.

ఏకముఖ విద్యుత్తు, ఎర్తింగు

ఇంటికి వచ్చే ఏకాంతర విద్యుత్తు సెకనుకు 100 సార్లు శూన్యానికి చేరుతుంది. కనుక దాని మెరుపు త్వరగా ఆరుతుంది. ఫలకాల నుండి వచ్చే ఏకముఖ విద్యుత్తు అలా ఆరదు. పరిశ్రమలలో అది 1,000 వోల్టుల వరకు ఉండవచ్చు. మెయిన్ కట్టేసినా, ఎండ ఉన్నంతసేపు ఫలకాల నుండి దిగే తీగలలో ప్రాణం తీసే విద్యుత్తు ఉంటుంది. కాబట్టి మామూలు స్విచ్చులు పనికిరావు. ఏకముఖ విద్యుత్తుకై తయారైన ఐసోలేటర్లు, ఎండకు చెడని సోలార్ కేబుళ్లు, ఒకే రకపు కనెక్టర్లు వాడాలి. ఇన్వర్టరును తవుడు, ఊక ధూళి చేరని నీడలో ఉంచాలి. ఫలకాల చట్రానికి, ఇన్వర్టరుకు, పిడుగు నివారక కడ్డీకి ఐ.ఎస్. 3043 ప్రమాణం ప్రకారం ఎర్తింగు ఉండాలి.

కరెంటు పోయినప్పుడు

గ్రిడ్డులో కరెంటు ఆగగానే ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కాపాడేందుకే ఈ ఏర్పాటు. డీజిల్ జనరేటరుతో కలిపి నడపాలంటే ప్రత్యేక నియంత్రణ పరికరం తప్పనిసరి. లేకుంటే సౌర విద్యుత్తు జనరేటరులోకే వెనక్కు ప్రవహించి దానిని పాడుచేస్తుంది.

పవర్ ఫ్యాక్టర్

మిల్లు 100 కిలోవాట్లతో పాటు మోటార్ల కోసం 48 కిలోవార్ల రియాక్టివ్ శక్తిని వాడుతుంటే పవర్ ఫ్యాక్టర్ 0.90. ఫలకాలు 80 కిలోవాట్లు అందిస్తే గ్రిడ్డు నుండి 20 కిలోవాట్లే తీసుకుంటాము; 48 కిలోవార్లు మాత్రం తగ్గవు. అప్పుడు మీటరు వద్ద పవర్ ఫ్యాక్టర్ 0.38కి పడిపోతుంది. దీనికి అదనపు రుసుము వేసే చోట, ఆదా అయిన సొమ్ములో కొంత అటే పోతుంది. స్వయంచాలక కెపాసిటర్ ప్యానెల్‌తో గాని, ఇన్వర్టరు అమరికతో గాని దీనిని సరిచేయవచ్చు.

ఏ రాష్ట్రం నిబంధన?

యజమాని ఇల్లు ఎక్కడున్నా, మిల్లు సర్వీసు ఉన్న రాష్ట్రపు నిబంధనే వర్తిస్తుంది. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలకు వేర్వేరు విద్యుత్ నియంత్రణ మండళ్లు ఉన్నాయి. యానాం కేంద్రపాలిత ప్రాంతాల ఉమ్మడి మండలి కిందికి వస్తుంది. 2021 నాటి కేంద్ర నిబంధన నెట్ మీటరింగుకు 500 కిలోవాట్లు లేదా మంజూరైన లోడు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది పరిమితిగా నిర్ణయించింది. మిగులు యూనిట్ల లెక్క, ధర రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకపు రాయితీ ఇళ్లకే గాని మిల్లులకు కాదు.

కాబట్టి కప్పు పరీక్ష, లోడు లెక్క, ప్యానెల్ బోర్డు, ఎర్తింగుల పరిశీలన, పంపిణీ సంస్థ అనుమతి అనే వరుసలో పనులు ముగించి, ఆ పిదపనే ఫలకాలకు బయానా ఇవ్వడం శ్రేయస్కరం. లైసెన్సు గల విద్యుత్ కాంట్రాక్టరు చేత పని చేయించి, నియమం ఉన్న చోట విద్యుత్ తనిఖీ అధికారి ఆమోదం పొంది, రెండు దిశల మీటరు బిగించిన తరువాతనే స్విచ్చు వేయాలి.