బడికి, కళాశాలకు, ఆసుపత్రికి ఒకే బ్రాడ్‌బ్యాండ్ బాట: ఉమ్మడి నెట్‌వర్క్‌లపై నేపథ్య సమాచారం

గ్రామీణ ప్రాంతాలలోని ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలన్నింటికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలన్నింటికీ భారత్‌నెట్ పథకం ద్వారా బ్రాడ్‌బ్యాండ్ సౌకర్యం కల్పించనున్నట్లు 2025 ఫిబ్రవరి 1న పార్లమెంటుకు సమర్పించిన కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించడం జరిగింది. బడినీ, ఆరోగ్య కేంద్రాన్నీ ఒకే వాక్యంలో చేర్చి చెప్పడం ఇందులో గమనించదగిన విషయం. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క తీగ వేయడం కాక, ఒక ప్రాంతమంతటికీ ఒకే నెట్‌వర్క్ నిర్మించి విద్యా, వైద్య సంస్థలు దానిని పంచుకోవాలన్న ఆలోచన తెలుగు రాష్ట్రాలకు కొత్తది కాదు. సుమారు రెండు దశాబ్దాలుగా ఈ దిశలో జరిగిన ప్రయత్నాలను, వాటిలో ఫలించినవాటిని, మధ్యలో ఆగినవాటిని పాత్రికేయులకు, అధికారులకు ఉపకరించే విధంగా ఇక్కడ పొందుపరచడమైనది.

ఉమ్మడిగా ఎందుకు

ఆప్టికల్ ఫైబర్ నిర్మాణంలో ఖర్చంతా గాజు పోగుకు కాదు, దానిని తీసుకువెళ్లే దారికి అవుతుంది. గోతులు తవ్వడం, రోడ్లు, రైలు మార్గాలు దాటడానికి అనుమతులు పొందడం, స్తంభాలు, కూలీ, తిరిగి రోడ్డు పూడ్చడం - వ్యయంలో అధిక భాగం వీటిదే. ఒకే కేబుల్‌లో 24 పోగులు ఉన్నా, 12 పోగులు ఉన్నా ఈ ఖర్చులో పెద్దగా మార్పు ఉండదు. కాబట్టి విద్యాశాఖ ఒకసారి, వైద్య ఆరోగ్యశాఖ మరొకసారి అదే గ్రామానికి దారి వేసుకుంటే ప్రజాధనం రెండుసార్లు ఖర్చయినట్లే.

వినియోగం రీత్యా కూడా ఈ సంస్థలు ఒకదానికొకటి అడ్డురావు. పాఠశాలకు ప్రధానంగా కావలసినది దిగుమతి. పాఠాల వీడియోలు, పాఠ్య సామగ్రి బయటి నుండి లోపలికి వస్తాయి. ఆసుపత్రికి కావలసినది ఎగుమతి. ఎక్స్‌రేలు, స్కానింగ్ చిత్రాలు లోపలి నుండి పెద్దాసుపత్రిలోని నిపుణుని వద్దకు వెళ్లాలి. కళాశాల వసతిగృహాల వాడకం రాత్రివేళ పెరుగుతుంది, ఆ సమయానికి బడి తలుపులు మూసి ఉంటాయి.

ఒక చిన్న లెక్క ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 500 మెగాబైట్ల సి.టి. స్కాన్‌ను సెకనుకు 2 మెగాబిట్ల వేగంగల లైనుపై పంపడానికి, ఆ లైను పూర్తి వేగంతో పనిచేసినా, అరగంటకు పైగా పడుతుంది. అదే చిత్రం 100 మెగాబిట్ల లైనుపై 40 సెకన్లలో చేరుతుంది. తలకు దెబ్బతగిలిన రోగిని జిల్లా కేంద్రానికి తరలించాలా, వద్దా అన్న నిర్ణయం ఆ చిత్రాన్ని చూసిన తరువాతనే జరుగుతుంది కనుక, ఈ అరగంట తేడా కేవలం సాంకేతిక వివరం కాదు.

ఉపగ్రహం నుండి ఫైబర్ వరకు

చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలో అపోలో సంస్థ నెలకొల్పిన టెలీమెడిసిన్ కేంద్రం దేశంలో ఈ తరహా తొలి కేంద్రాలలో ఒకటి. 2000 మార్చిలో హైదరాబాద్ పర్యటనకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దీనిని లాంఛనంగా ప్రారంభించారు. ఆనాడు గ్రామానికి ఫైబర్ లేదు, అనుసంధానం ఉపగ్రహం ద్వారానే జరిగింది. అనంతరం 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎడ్యుశాట్ పూర్తిగా విద్యా అవసరాలకు ఉద్దేశించిన ఉపగ్రహం. ఒకే ఉపాధ్యాయుని పాఠాన్ని ఏకకాలంలో అనేక పాఠశాలలకు, కళాశాలలకు చేర్చడానికి అది ఉపయోగపడింది. అయితే సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి రావలసిన సంకేతం వలన ప్రశ్నకు, జవాబుకు నడుమ అర సెకను పైచిలుకు జాప్యం తప్పేది కాదు. పైగా పరిమితమైన సామర్థ్యాన్నే అందరూ పంచుకోవలసి వచ్చేది. ఒకేసారి వేలమందికి పాఠం వినిపించడానికి ఉపగ్రహం చక్కని సాధనమే గాని, ప్రతి బడీ తన అవసరాన్ని తాను తీర్చుకోవడానికి చాలినది కాదు.

ప్రభుత్వ కార్యాలయాలను మండల స్థాయి వరకు కలపడానికి కేంద్ర ప్రభుత్వం 2005 మార్చిలో రూ.3,334 కోట్ల అంచనాతో రాష్ట్రవ్యాప్త నెట్‌వర్క్‌ల పథకాన్ని ఆమోదించింది. దానిలో నిర్దేశించిన కనీస వేగం 2 మెగాబిట్లు. అదే 2005లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మరింత పెద్ద లక్ష్యాన్ని ఎంచుకున్నది. రాజధాని నుండి 23 జిల్లా కేంద్రాలకు 10 గిగాబిట్లు, అక్కడి నుండి మండల కేంద్రాలకు 1 గిగాబిట్, గ్రామాలకు 100 మెగాబిట్లు ఇచ్చే నెట్‌వర్క్‌ను ప్రైవేటు భాగస్వామ్యంతో నిర్మించాలని, ప్రభుత్వమే దానికి ప్రధాన ఖాతాదారుగా ఉండాలని సంకల్పించడం జరిగింది. ఆ ప్రణాళిక అనుకున్న రూపంలో పూర్తి కాలేదు. కాని గ్రామానికి 100 మెగాబిట్లు అన్న లక్ష్యమే 2011 అక్టోబరు 25న కేంద్రం ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌లో, అంటే నేటి భారత్‌నెట్‌లో, పంచాయతీ స్థాయి ప్రమాణంగా కనిపించడం విశేషం.

విశ్వవిద్యాలయాలకు, పరిశోధనా సంస్థలకు సంబంధించి 2010 మార్చిలో రూ.5,990 కోట్లతో ఆమోదం పొందిన జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్ వేరొక బాట. గిగాబిట్ స్థాయి అనుసంధానంతో పెద్ద సంస్థల అవసరాలు దీనివలన చాలావరకు తీరాయి. పట్టణంలోని విశ్వవిద్యాలయానికి, మండల కేంద్రంలోని జూనియర్ కళాశాలకు మధ్య అంతరం మాత్రం అలాగే మిగిలింది.

స్తంభాలపై ఒక రాష్ట్రం, కందకాలలో మరొక రాష్ట్రం

రాష్ట్ర విభజన తరువాత రెండు తెలుగు రాష్ట్రాలు ఈ పనికి ఎంచుకున్న దారులు ప్రత్యేకంగా పేర్కొనదగినవి. రెండింటిలోనూ కొత్తగా దారి వేయడం కాక, మరొక శాఖ వేసిన దారిని పంచుకోవడమే కీలకాంశం.

ఆంధ్రప్రదేశ్‌లో 2015 అక్టోబరులో స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్‌ను స్థాపించి, విద్యుత్ స్తంభాలపై కేబుల్ వేసే విధానాన్ని చేపట్టారు. ఇందుకు లోహం ఏమాత్రం లేని, తన బరువును తానే మోయగల ప్రత్యేక కేబుల్‌ను వాడారు. లోహం లేనందున విద్యుత్ తీగల సమీపంలో దానిని అమర్చడం సాధ్యమైంది. 24 పోగుల ఈ కేబుల్‌ను సుమారు 23 వేల కిలోమీటర్ల మేర వేశారు. భూగర్భ మార్గానికి సుమారు రూ.5,000 కోట్లు అవసరమయ్యే పనిని రూ.333 కోట్లతో పూర్తి చేసినట్లు నాటి ప్రభుత్వ ప్రకటనలు పేర్కొన్నాయి. నిర్వహణ కేంద్రం విశాఖపట్నంలో ఏర్పాటైంది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. ఇంటింటికీ టెలివిజన్, ఫోను, ఇంటర్నెట్ కలిపి నెలకు రూ.149 ప్రారంభ ధరకు ఇవ్వడం అప్పట్లో పత్రికలను విశేషంగా ఆకర్షించగా, అదే కేబుల్ బడులకూ, కార్యాలయాలకూ ఉపకరిస్తుందన్న అంశానికి అంతటి ప్రచారం లభించలేదు.

తెలంగాణలో ఇంటింటికీ తాగునీరు అందించే మిషన్ భగీరథ పైపులైన్ల కోసం తవ్విన కందకాలలోనే ఫైబర్ కోసం డక్టులు కూడా అమర్చారు. మట్టిపని ఒకేసారి జరిగింది. టి-ఫైబర్ ప్రాజెక్టుకు ఇదే పునాది.

ఈ రెండు పద్ధతులలో దేని కష్టం దానికి ఉన్నది. స్తంభాలపై పని త్వరగా సాగుతుంది, ఖర్చు తక్కువ, తెగిన చోటు కంటికి కనిపిస్తుంది. కాని తుపాను గాలికి స్తంభం కూలితే కేబుల్ కూడా దానితోపాటే నేలకు వస్తుంది. 2018 అక్టోబరులో పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో విద్యుత్ స్తంభాలను ఏ విధంగా నేలమట్టం చేసినదో అధికారులకు తెలిసినదే. ఆసుపత్రికి సమాచార సంబంధాలు అత్యవసరమయ్యేది సరిగ్గా అటువంటి రోజులలోనే. కందకంలోని ఫైబర్‌కు గాలి భయం లేదు. అయితే రోడ్డు విస్తరణకో, పైపు మరమ్మతుకో వచ్చిన జె.సి.బి. దానికి ప్రధాన శత్రువు. తెగిన చోటును పరికరంతో కొలిచి, తవ్వి, అతకవలసి ఉంటుంది.

ఇందుకు పరిష్కారం వలయాకార నిర్మాణం. భారత్‌నెట్ తొలిదశలో మండల కేంద్రం నుండి పంచాయతీలకు వరుసగా, కొమ్మలవలె కేబుల్ వేశారు. ఒకచోట తెగితే ఆపై ఉన్న గ్రామాలన్నింటికీ సేవ ఆగిపోతుంది. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం రూ.1,39,579 కోట్లతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ కార్యక్రమంలో వలయ పద్ధతిని నిర్దేశించారు. ఒకవైపు తెగినా రెండవవైపు నుండి సమాచారం చేరుతుంది. ఈ ఒక్క మార్పు జరగడానికి పన్నెండేళ్లు పట్టింది.

పంచాయతీ వద్ద ఆగిన తీగ

ఇంతవరకు చెప్పినది ప్రధాన మార్గాల గురించి. అసలు చిక్కు దాని తరువాతనే ఉన్నది. ఫైబర్ పంచాయతీ కార్యాలయం వద్ద ముగిస్తే, అక్కడికి ఆరు వందల మీటర్ల దూరంలోని ఉన్నత పాఠశాలకు ఎవరు తీసుకువెళ్లాలి? నెలవారీ చార్జీ ఏ పద్దు కింద చెల్లించాలి? రౌటర్ పాడైతే ఎవరికి ఫిర్యాదు చేయాలి? ఈ మూడు ప్రశ్నలకు నిర్మాణ దశలోనే సమాధానం నిర్ణయించని చోట్ల పరికరం బీరువాలోనే ఉండిపోతుంది.

కేంద్ర విద్యాశాఖ విడుదల చేసిన యు-డైస్ ప్లస్ గణాంకాల ప్రకారం దేశంలో ఇంటర్నెట్ సౌకర్యంగల పాఠశాలలు 2023-24లో 53.9 శాతం ఉండగా, 2024-25 నాటికి 63.5 శాతానికి పెరిగాయి. ఒక్క ఏడాదిలో ఇది మెచ్చదగిన పెరుగుదల. అయినా ప్రతి మూడు బడులలో ఒకదానికి ఇంకా ఆ సౌకర్యం లేదు.

వైద్యరంగంలో గిరాకీ ముందే వచ్చింది. ఈ-సంజీవని టెలీవైద్య సేవలను 2019 నవంబరులో దేశంలో మొట్టమొదట ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశపెట్టారు. కోవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో, ఇంటి నుండే వైద్యుని సంప్రదించే విభాగం కూడా దీనికి తోడైంది. 2023 ఫిబ్రవరి నాటికి దేశవ్యాప్తంగా సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. వీటిలో ఎన్నో ఫైబర్ లేనిచోట మొబైల్ సిగ్నల్‌పైనే నడిచాయి. మాట్లాడి మందు రాయడానికి అది సరిపోతుంది. ఎక్స్‌రే, ఇ.సి.జి., స్కానింగ్ చిత్రాల మార్పిడికి స్థిరమైన లైను అవసరం.

ఉమ్మడి నెట్‌వర్క్ అన్నంత మాత్రాన రోగి వివరాలు బడి కంప్యూటరులో కనిపిస్తాయన్న భయం అక్కరలేదు. ఒకే ఫైబర్‌పై ఒక్కొక్క శాఖ సమాచారాన్ని విడివిడి మార్గాలుగా వేరుచేసి, ఆసుపత్రికి ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటు సాంకేతికంగా సుసాధ్యం. అయితే ఆ ఏర్పాటు దానంతటది జరగదు, ఒప్పందంలోనే రాయవలసి ఉంటుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం దృష్ట్యా జిల్లా అధికారులు ఈ విషయాన్ని పరిశీలించడం అవసరం. విద్యుత్ సరఫరా సంగతి కూడా అంతే. కరెంటు పోయిన వెంటనే రౌటర్ ఆగిపోయే ఆరోగ్య కేంద్రానికి ఫైబర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. బ్యాటరీ ఖర్చును అంచనాలలో మొదటే చేర్చుకోవాలి.

వార్తలలో వాడే మాటల విషయమై

ఈ ప్రాజెక్టుల ప్రగతిని తెలిపే నివేదికలలో మూడు మాటలు తరచు కలగాపులగమవుతుంటాయి. కేబుల్ వేసిన గ్రామం వేరు, పరికరాలు అమర్చి సేవకు సిద్ధమైన గ్రామం వేరు, వాస్తవంగా ఎవరైనా వాడుతున్న గ్రామం వేరు. మొదటి సంఖ్యను మూడవదిగా ప్రచురిస్తే పాఠకునికి తప్పుడు అభిప్రాయం కలుగుతుంది. సంఖ్య ఇచ్చే అధికారులు అది ఏ దశకు చెందినదో తెలిపితే ఈ గందరగోళం ఉండదు.

అలాగే 100 మెగాబిట్లు అన్నది పంచాయతీకి నిర్దేశించిన వేగం, ఒక్కొక్క కంప్యూటరుకు కాదు. బడి, ఆరోగ్య కేంద్రం, కార్యాలయం, ఇళ్లు దానిని పంచుకుంటాయి. మెగాబిట్‌కు, మెగాబైట్‌కు తేడా ఎనిమిది రెట్లు.

సవరించిన భారత్‌నెట్ టెండర్లలో నిర్మాణానికి 3 సంవత్సరాలు, ఆపై నిర్వహణకు 10 సంవత్సరాలు గడువుగా నిర్ణయించి, రెండు బాధ్యతలను ఒకే గుత్తేదారుకు అప్పగించే పద్ధతి అనుసరించారు. తెగిన కేబుల్‌ను ఎన్ని గంటలలో అతికారు, ఆ సమయంలో ఏ ఆరోగ్య కేంద్రాలకు సేవ నిలిచింది అన్న వివరాలు పంచాయతీల వారీగా నమోదైనట్లయితే, జిల్లా సమీక్షా సమావేశాలలో వాటిని కేబుల్ కిలోమీటర్ల సంఖ్యతో పాటు పరిశీలనకు ఉంచవచ్చును.