బోర్డు: బల్లగా పుట్టి, సభగా ఎదిగి

‘బోర్డు’ అంటే మొదట చెక్క పలక. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లోనే ఈ మాటకు నాలుగు అర్థాలు ఉండేవి: కోసిన పలక, భోజనపు బల్ల, యోధుడి డాలు, ఓడ పక్కభాగం. డాలును చెక్కతో చేసేవారు కాబట్టి పలక పేరే దానికీ వచ్చింది. ఓడ పక్క అనే అర్థం పుట్టిన చోటు మాత్రం వేరు. ప్రాచీన జర్మానిక్ భాషల్లో పలకకు ఒక మాట, అంచుకు మరో మాట ఉండేవి. ఉచ్చారణలో ఇంచుమించు ఒకేలా ఉన్న ఆ రెండూ క్రమంగా కలిసిపోయాయి. ఇవాళ బోర్డుకున్న అర్థాల్లో కొన్ని పలక వైపువి, కొన్ని అంచు వైపువి కావడానికి కారణం ఇదే.

ఓడ అంచున

అంచు వైపు సంతానంలో పాతది ‘స్టార్‌బోర్డ్’. దీనికీ నక్షత్రాలకూ సంబంధం లేదు. ఉత్తర ఐరోపా ఓడల్లో దారి మళ్లించే తెడ్డును కుడిపక్కన బిగించేవారు. ‘స్టీర్’ అంటే ఓడను నడపడం. నడిపే పక్క కనుక కుడివైపు స్టార్‌బోర్డ్ అయింది. తెడ్డు దెబ్బతినకుండా ఓడను ఎడమవైపే రేవుకు ఆనించేవారు. ఆ వైపు పేరు ‘లార్‌బోర్డ్’. గాలివానలో అరిచి చెప్పేటప్పుడు ఈ రెండు పేర్లూ ఒకేలా వినిపించడం ప్రమాదకరం. అందుకే 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్‌ను వదిలి ‘పోర్ట్’ అనే మాటను వాడాలని ఆదేశించింది.

సముద్ర యుద్ధాల్లో శత్రువు ఓడ పక్కకు చేరి, దాని మీదికి దూకి పట్టుకోవడాన్ని ‘బోర్డింగ్’ అనేవారు. క్రమంగా ఆ మాటలో దాడి పోయి, ఎక్కడం మాత్రం మిగిలింది. ఓడ నుంచి రైలుకు, రైలు నుంచి విమానానికి పాకిన ఆ అర్థమే నేడు విమానాశ్రయంలో ప్రయాణికుడి చేతిలోని బోర్డింగ్ పాస్‌లో ఉంది.

భోజనాల బల్ల

పలక వైపు కథ వంటింటి నుంచి నడుస్తుంది. మధ్యయుగాల ఇంగ్లండులో పెద్ద ఇళ్లలోని భోజనశాలలో స్థిరమైన బల్లలు తక్కువ. వేళకు గుర్రపు కాళ్ల లాంటి చట్రాలు నిలబెట్టి, వాటి మీద పొడవాటి పలకలు పరిచేవారు. తిన్నాక పలకలు ఎత్తి గోడకు చేరవేసేవారు. అలా పలక పేరు బల్లకూ, బల్ల పేరు దాని మీద వడ్డించే తిండికీ చెల్లింది. 14వ శతాబ్దానికే బోర్డు అంటే రోజువారీ భోజనం అనే అర్థం స్థిరపడింది. డబ్బిచ్చి తిని, ఉండేవాడు ‘బోర్డర్’. అలాంటివారికి నడిపే ఇల్లు బోర్డింగ్ హౌస్. పిల్లలకు తిండీ బసా ఇచ్చి చదువు చెప్పేది బోర్డింగ్ స్కూల్.

‘కప్‌బోర్డ్’ కూడా ఈ భోజనశాలదే. మొదట్లో దానికి తలుపులు లేవు. లోటాలు, గిన్నెలు పేర్చి చూపించే పలక మాత్రమే అది. దాపరికం లేని వ్యవహారాన్ని ‘అబవ్ బోర్డ్’ అనడం పేకాట నుంచి వచ్చిందంటారు: చేతులు బల్లకు పైన కనబడుతుంటే మోసానికి చోటుండదు.

బల్ల చుట్టూ కూర్చున్నవారు

16వ శతాబ్దానికి బోర్డు అనే పేరు బల్ల చుట్టూ కూర్చుని ఆలోచన చేసే మనుషులకు వచ్చింది. 1546లో ఎనిమిదో హెన్రీ ఏర్పరచిన నౌకా పాలన మండలి నేవీ బోర్డుగా పేరుపడింది. ఈస్టిండియా కంపెనీని అదుపులో పెట్టడానికి 1784లో బ్రిటిష్ ప్రధాని పిట్ చట్టం బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌ను తెచ్చింది. 1786లో మద్రాసులో రెవెన్యూ బోర్డు ఏర్పడింది. కంపెనీ ఏలుబడిలోని తెలుగు జిల్లాల భూమిశిస్తు వ్యవహారాలు ఈ బోర్డు అజమాయిషీలో సాగాయి. బల్ల అనే అర్థం తెలియని రైతుకు సైతం బోర్డు అంటే సర్కారు అధికారం అని తెలిసింది ఇలాగే.

1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. రోడ్లు, ఆసుపత్రులు, బడులు వాటి చేతికి వెళ్లాయి. కోస్తా, రాయలసీమల్లో ‘బోర్డు స్కూలు’, ‘బోర్డు హైస్కూలు’ అనే మాటలు తరాలపాటు నిలిచాయి. 1959లో జిల్లా బోర్డుల స్థానంలో జిల్లా పరిషత్తులు వచ్చినా మాట పాలనలో కొనసాగింది. అంతకుముందే 1953లో తుంగభద్ర బోర్డు, ఆ తర్వాత 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు, రాష్ట్ర విభజన చట్టం మేరకు 2014లో కృష్ణా, గోదావరి నదీ యాజమాన్య బోర్డులు ఏర్పడ్డాయి.

చెక్క పోయి పేరు మిగిలి

కొన్ని చోట్ల వస్తువే మారిపోయి పేరు నిలిచింది. గుర్రపు బండిలో గిట్టలు చిమ్మే బురద తోలేవాడి మీద పడకుండా ముందు అడ్డంగా పెట్టిన పలక ‘డాష్‌బోర్డ్’. గుర్రం పోయి ఇంజను వచ్చినా, తోలేవాడి ఎదుట ఉన్న భాగానికి ఆ పేరే సాగింది. మీటర్లు దాని మీదికి చేరాయి. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద లెక్కలు చూపే పుట కూడా డాష్‌బోర్డే. వాద్యాల మెట్ల వరుసకు ఉన్న కీబోర్డ్ అనే పేరు టైపు మిషనుకూ, కంప్యూటరుకూ వచ్చింది. సర్క్యూట్ బోర్డులో, మదర్‌బోర్డులో చెక్క లేదు. భాగాలను మోసే పలక అనే భావం ఉంది.

తెలుగులో బోర్డు

ఈ మాటను తీసుకున్న తెలుగు దాని మొదటి అర్థాన్ని తీసుకోలేదు. ఆ అవసరమూ లేదు: పలక, చెక్క, బల్ల తెలుగులో ఉన్నాయి. పైగా బల్ల కూడా బోర్డు నడిచిన దారుల్లోనే నడిచింది. చెక్క పలకా బల్లే, తిండి వడ్డించేదీ బల్లే. తెలుగు క్రైస్తవులు ‘ప్రభువు బల్ల’ అన్నప్పుడు అది పవిత్ర భోజనం. కృష్ణా నదిని దాటించే ‘బల్లకట్టు’లో అదే బల్ల నీటి మీదికి చేరింది. బల్ల ఎక్కని మెట్టు ఒక్కటే: పాలకమండలి. ఆ చోటు బోర్డుకు దక్కింది.

తరగతి గదిలో నల్లబల్ల, బ్లాక్‌బోర్డు రెండూ చెల్లుతున్నాయి. గోడ మీది స్విచ్ బోర్డు, ఆటకు క్యారమ్ బోర్డు, ఇంటర్ బోర్డు, హౌసింగ్ బోర్డు మాత్రం ఇంగ్లిష్ పేరుతోనే స్థిరపడ్డాయి. విశేషణం లేకుండా ఒట్టి ‘బోర్డు’ అంటే తెలుగులో ముందుగా తోచేది దుకాణం మీదో, బస్సు నుదుటనో రాసిన పేరు. ఈ అర్థం నుంచే తెలుగు తన సొంత జాతీయాన్ని కట్టుకుంది. జనం డబ్బు పోగుచేసుకుని రాత్రికి రాత్రి మాయమైన సంస్థ ‘బోర్డు తిప్పేసింది’ అంటారు. పలుకుబడి తెలుగుది, మాట ఇంగ్లిష్‌ది. వెయ్యేళ్లుగా ఇంగ్లిష్‌లో పెరుగుతూ వచ్చిన అర్థాల వరుసకు తెలుగు నేల చేర్చిన అర్థం ఇది.