సాకర్ వితౌట్ బోర్డర్స్
సాకర్ వితౌట్ బోర్డర్స్ వలస, శరణార్థి కుటుంబాల పిల్లలు కొత్త దేశంలో కుదురుకోవడానికి ఫుట్‌బాల్‌ను సాధనంగా వాడే అమెరికన్ స్వచ్ఛంద సంస్థ. బెన్ గుచియార్డీ దీనిని 2006లో స్థాపించారు. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం తూర్పు తీరంలో ఉన్న ఓక్లండ్ దీని ముఖ్య కేంద్రాల్లో ఒకటి. అక్కడ కొత్తగా వచ్చిన వలస విద్యార్థుల కోసం 2007లో మొదలైన ఓక్లండ్ ఇంటర్నేషనల్ హైస్కూల్‌తో కలిసి సంస్థ పనిచేస్తోంది.

అమెరికాలో పిల్లల ఫుట్‌బాల్ క్లబ్బులు ఎక్కువగా రుసుములపైనే నడుస్తాయి. కొత్తగా వచ్చిన కుటుంబాలకు మొదటి అడ్డంకి అదే. ఈ అడ్డంకిని తొలగించడమే సంస్థ పనిలో కీలకం. ఆటతో పాటు చదువులో సాయం, ఇంగ్లీషు సాధన, సాంస్కృతిక పరిచయం ఇందులో భాగం. ఉమ్మడి భాష లేని జట్టులో ‘పాస్’, ‘షూట్’ వంటి మైదానపు కేకలే ఇంగ్లీషుకు తొలి మెట్టు అవుతాయి. ఆటకు దూరంగా పెరిగిన బాలికలకు ప్రత్యేక జట్లున్నాయి. నికరాగ్వాలోని గ్రనాడా కార్యక్రమం పూర్తిగా వారిదే. కొలరాడోలోని గ్రీలీ, మేరీల్యాండ్‌లోని బాల్టిమోర్, ఉగాండా రాజధాని కంపాలాలోనూ సంస్థ పనిచేసింది. 2017లో ఫిఫా వైవిధ్య పురస్కారం దీనికి దక్కింది.