షికారు, పోలో, గాజు పలక: సికింద్రాబాద్ 'ముసవ్విర్ జంగ్' రాజా దీన్‌దయాళ్

రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్. కోటలు, దర్బార్లు, నవాబుల తస్వీర్లు తీసిన మనిషిగానే ఆయన చాలామందికి తెలుసు. కానీ దక్కన్‌లో షికారును, పోలోను, గుర్రాల ఆటలను కెమెరాకెక్కించిన తొలితరంలో ముందు చెప్పాల్సిన పేరు కూడా ఆయనదే. స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్ అనే మాట అప్పటికి మన దగ్గర లేదు. పని మాత్రం ఉంది.

పుట్టింది మీరట్ దగ్గర సర్ధానాలో, ఒక జైన కుటుంబంలో. రూర్కీ థామ్సన్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. కెమెరా పట్టింది అక్కడే. కొన్నేళ్లకు సర్కారీ నౌకరీ వదిలేసి పూర్తిగా ఈ పనిలోకి వచ్చేశారు. 1885లో నిజాం కొలువు దొరికింది. 1894లో 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' అనే ఖితాబు వచ్చింది. ఉర్దూ తెలిసిన ఇళ్లలో దీనికి అర్థం చెప్పక్కర్లేదు. తస్వీర్, ముసవ్విర్ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు.

స్టూడియో 1886లో సికింద్రాబాద్‌లో పెట్టారు. వ్యాపారం లెక్కన చూస్తే అది తెలివైన ఎంపిక. నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన ఈ ఊరు అప్పటికి పెద్ద కంటోన్మెంట్. పటాలం ఉన్నచోట గుర్రాలుంటాయి, గుర్రాలున్నచోట పోలో, పందేలు ఉంటాయి. టీము ఫోటో కావాలనే అఫ్సర్లకూ కొదవ ఉండదు. రాంగోపాల్‌పేట్ పోలీస్ స్టేషన్ ఉన్న ఇప్పటి ఎం.జి. రోడ్డును అప్పట్లో జేమ్స్ స్ట్రీట్ అనేవాళ్లు. స్టేషన్‌గా ఉండి ఇప్పుడు వారసత్వ కట్టడమైన ఆ గడియారం భవనాన్ని కట్టించింది సేఠ్ రాంగోపాల్. దీన్‌దయాళ్ చూసిన సికింద్రాబాద్ ఆనవాళ్లు కొంచెమైనా మిగిలింది ఇలాంటిచోట్లే.

ఇప్పటి కెమెరా సెకనుకు పది ఫ్రేములు సులువుగా తీస్తుంది. ఆయన చేతిలో ఉన్నది బరువైన చెక్క పెట్టె, స్టాండు, గాజు పలక. ఒక్కో ఫోటోకు ఒక్కో పలక. 1880ల నాటికి డ్రై ప్లేట్లు రావడంతో ఎక్స్‌పోజర్ సమయం బాగా తగ్గింది. అయినా పరుగెత్తే గుర్రాన్ని దగ్గరగా, స్పష్టంగా పట్టుకోవడం కష్టమే. అందుకే ఆ కాలపు ఆటల ఫోటోల్లో ఆట తక్కువ, ఆటగాళ్లు ఎక్కువ. పోలో టీము కర్రలు పట్టుకుని కదలకుండా నిలబడుతుంది. పులి కూడా కదలదు, అప్పటికే చచ్చిపోయి ఉంటుంది కాబట్టి.

మహబూబ్ అలీ ఖాన్‌కు వేట అంటే ప్రాణం. ముప్ఫైకి పైగా పులుల్ని కొట్టారని 'తీస్ మార్ ఖాన్' అన్న పేరే పడింది. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చినప్పుడు వరంగల్ వైపు నెక్కొండ దగ్గర వేట ఏర్పాటైంది. చంపిన పులి ముందు కర్జన్, ఆయన భార్య మేరీ నిలబడిన ఫోటో దీన్‌దయాళ్ స్టూడియోదే. ఈ రోజుకీ అది పుస్తకాల్లో కనిపిస్తూనే ఉంటుంది. దొరగారి పేరు అందరికీ తెలుసు. పులిని తుపాకీ ముందుకు తోలిన పల్లెవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. ఎంత గొప్ప ఫోటో అయినా ఈ వెలితి వెలితే.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేం. 1892లో హైదరాబాద్‌లో పర్దా పాటించే ఆడవాళ్ల కోసం ఆయన విడిగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ. బయటి మగవాళ్ల కంట పడకుండా తస్వీర్ దిగే వీలు బేగంలకు అలా దొరికింది.

1896లో బొంబాయిలో కూడా స్టూడియో పెట్టారు. మరుసటి ఏడాది విక్టోరియా రాణి ఫోటోగ్రాఫర్‌గా గుర్తింపు వచ్చింది. 1905లో కన్నుమూశారు. స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

ఆ స్టూడియో ప్రింట్లు చాలావాటికి అడుగున నంబరు, ఫోటో పేరు ఉంటాయి. పాత హైదరాబాదీ ఇళ్ల ట్రంకుపెట్టెల్లో అలాంటివి ఇంకా ఉండొచ్చు. దొరికితే తడిగుడ్డతో తుడవొద్దు, లామినేషన్ చేయించొద్దు. ఎండ తగలని పొడిచోట పెట్టి, వెనక రాసి ఉన్నది కూడా ఫోటో తీసుకోండి. అందులో ఉన్నవాళ్లెవరో చెప్పగలిగిన పెద్దలు ఇంట్లో ఉంటే, ఆ పేర్లు ఇప్పుడే విడి కాగితం మీద రాసిపెట్టుకోండి.