ప్రేమవిందు : నాడును నేడును

మన డయోసీసు శతవార్షికోత్సవ సందర్భమున వెలువడుచున్న ఈ సంచికలో దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, వైద్యశాలలను గూర్చియు పలువురు వ్రాయుచున్నారు. అది యుక్తమే. అయితే వీటన్నిటికంటె పాతదైన ఆచారము ఒకటి సంఘములో నున్నది. దానికి శంకుస్థాపన ఫలకము లేదు, రిజిస్టరు లేదు, ప్రతిష్ఠ చేసిన బిషప్పుగారి పేరు లేదు. అది విశ్వాసులు తమ తమ యిండ్లనుండి తెచ్చినది ఒక్కచోట నుంచి, అందరును కలిసి భుజించుట. యూదా పత్రిక 12వ వచనములో దీనిని ప్రేమవిందు అనిరి. ఈ విందు చరిత్రను క్లుప్తముగా పరిశీలించి, మన కాలమునకు అది నేర్పు పాఠమేదో ఆలోచింతము.

ఆది సంఘములో

అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయము చదివినయెడల పెంతెకొస్తు తరువాత సంఘము చేసిన పనులలో భోజనము ప్రధానమైనదని తెలియును. వారికి దేవాలయ భవనము లేదు. ఇండ్లే మందిరములు, వంటబల్లే బలిపీఠము. ఆరవ అధ్యాయమునకు వచ్చుసరికి ఆ బల్లయొద్దనే మొదటి తగవు పుట్టినది. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో చిన్నచూపు జరిగినదని సణుగు బయలుదేరెను. దానిని సరిదిద్దుటకే ఏడుగురు ఏర్పరచబడిరి. సంఘములో ఒక పనికని పెద్దలను ఎన్నుకొనిన మొదటి సందర్భము వడ్డనకు సంబంధించినదని మనము మరువరాదు.

రెండవ తగవు అంతియొకయలో జరిగినది. అన్యజనులైన విశ్వాసులతో కలిసి భుజించుచుండిన పేతురు, యెరూషలేమునుండి కొందరు రాగానే వెనుదీసెను. పౌలు అందరి యెదుట ఆయనను నిలదీసెనని గలతీ పత్రిక రెండవ అధ్యాయము చెప్పుచున్నది. అక్కడ వాదము సిద్ధాంత గ్రంథమును గూర్చినది కాదు. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండి తినవచ్చునను ప్రశ్నను గూర్చినది. పౌలు దానిని సువార్త సత్యమునకే సంబంధించిన విషయముగా ఎంచెను.

మూడవది కొరింథు. ధనికులు ముందుగా వచ్చి తాము తెచ్చినది తామే తినివేయుచుండిరి. లేనివారు ఆకలితో నుండిరి. పగలంతయు యజమానుల పనిలో నుండు దాసులును కూలివారును ఆలస్యముగా రాక తప్పదు గదా! వారు వచ్చువేళకు పాత్రలు ఖాళీ. అందుచేతనే పౌలు ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనుడని ఆజ్ఞాపించెను. ప్రేమవిందునకు ఇంతకంటె గొప్ప నియమము నేటివరకు ఎవరును వ్రాయలేదు. వంటకము ఎంత రుచిగా నున్నను, కడపటివాడు రాకముందే మొదలైన భోజనము ప్రభువు బల్ల కాజాలదు.

విందు మందిరమునుండి వెలుపలికి

సుమారు 112వ సంవత్సరములో బితూనియ పాలకుడైన ప్లినీ, ట్రాజాను చక్రవర్తికి వ్రాసిన లేఖలో క్రైస్తవులను గూర్చి విచారించి చెప్పిన సంగతి ఆసక్తికరమైనది. వారు తెల్లవారకముందు కూడి క్రీస్తునకు స్తుతి పాడి, పిమ్మట మరల కూడి సామాన్యమైన, హానిలేని ఆహారము తీసికొందురట. క్రైస్తవులు నరమాంసము తిందురని వదంతులు వ్యాపించిన దినములవి. ఆ అధికారికి కనబడినది మాత్రము పేదల సాదా భోజనమే.

కార్తేజి నివాసియైన తెర్తుల్లియను సుమారు 197లో వ్రాసిన తన సమర్థన గ్రంథములో ఈ విందును వర్ణించెను. ముందు ప్రార్థన, ఆకలి తీరునంత భోజనము, చేతులు కడిగి దీపములు వెలిగించిన తరువాత ఎవరికి చేతనైన కీర్తన వారు పాడుట, చివరకు మరల ప్రార్థన. బీదలకు సహాయపడుటయే ఆ విందునందలి వ్యయమునకు ఫలమని ఆయన భావము. అంతకు నలుబది యేండ్లకు ముందు రోమాలో జస్టిను, ఆదివారపు ఆరాధనకు రాలేనివారికి డీకనులు రొట్టెను ఇండ్లకు కొనిపోవుదురని వ్రాసెను. మంచము పట్టినవారును ఆ బల్లయొద్ద లెక్కింపబడిరి.

కాలము మారెను. సంఘము పెరిగెను, భవనములు లేచెను, విందులలో త్రాగుడును ఆడంబరమును ప్రవేశించెను. నాలుగవ శతాబ్దమున లవొదికయలో కూడిన సభ, మందిరములలో ప్రేమవిందులు జరుపకూడదని నిషేధించెను. అగస్టీను తల్లి మోనికాను గూర్చి ఆయన తన ఒప్పుకోలు గ్రంథములో చెప్పిన వృత్తాంతము ఈ మార్పును కన్నులకు కట్టించును. ఆఫ్రికా వాడుక చొప్పున ఆమె హతసాక్షుల సమాధులయొద్దకు అంబలి, రొట్టె, ద్రాక్షారసము కొనిపోయెడిది. మిలాను నగరములో బిషప్పు అంబ్రోసు దానిని నిషేధించెనని ద్వారపాలకుడు చెప్పగా, ఆమె మారుమాటాడక గంపకు బదులు ప్రార్థనతో నిండిన హృదయమును తెచ్చుచు, ఆ ఆహారమును బీదలకు పంచిపెట్టుట నేర్చుకొనెను. నిషేధమునకు కారణములు లేకపోలేదు. కాని ప్రభురాత్రి భోజనము ఒకవైపునకు, ఆకలి తీర్చు భోజనము మరియొక వైపునకు విడిపోయినవి. ఆ ఎడబాటు నేటికిని పూర్తిగా తీరలేదు.

హెర్న్‌హూట్ గ్రామము

ఈ విందు మరల చిగురించినది జర్మనీలో. కాందిశీకులై వచ్చిన మొరేవియా సహోదరులకు జింజెండార్ఫ్ ప్రభువు తన భూమిలో స్థలమిచ్చెను. వారు తమలో తాము కలహించుకొని చెదరిపోవు స్థితిలో నుండగా, 1727 ఆగస్టు 13న బెర్తెల్స్‌డార్ఫ్ దేవాలయమున జరిగిన ప్రభు భోజన సంస్కారములో వారి హృదయములు కరగెను. ఆరాధన ముగిసినను ఇండ్లకు పోనొల్లక గుంపులు గుంపులుగా నిలిచి మాటలాడుకొనుచున్న వారికి ప్రభువు తన వంటశాలనుండి ఆహారము పంపెను. ఏర్పాటు లేదు, ఆహ్వానపత్రిక లేదు. సమాధానపడినవారికి ఆకలి వేసినది, అంతే. ఆ దినమునుండి ప్రేమవిందు మొరేవియనుల ఆచారమాయెను.

జాన్ వెస్లీ 1737లో అమెరికాలోని సవానాలో వారి విందును చూచి, తరువాత ఇంగ్లండులో మెతడిస్టుల మధ్య దానిని ప్రవేశపెట్టెను. అక్కడ రొట్టెయు నీళ్లును మాత్రమే, తక్కినదంతయు సాక్ష్యములే. గని కార్మికుడును పనికత్తెయు లేచి నిలిచి దేవుడు తమకు చేసినది చెప్పిరి. వంటకములు తగ్గినకొలది మాటలు పెరిగినవి.

మన దేశములో బల్ల

భారతదేశమునకు వచ్చిన మిషనెరీలకు త్వరలోనే తెలిసివచ్చిన సంగతి యేమనగా, ఇచ్చట కులము పాదుకొనియున్నది గ్రంథములలో కాదు, వంటకుండలో. 1833లో కలకత్తా బిషప్పు డానియేలు విల్సను సంఘములో కులభేదములు వెంటనే విడువవలెనని లేఖ వ్రాయగా, తంజావూరులో అనేకులు ఎదురు తిరిగిరి. 1840ల దశకమున మధుర ప్రాంతపు అమెరికను మిషనువారు ప్రేమవిందునే పరీక్షగా నిలిపిరి. అందరితో కూర్చుండి తిననివానికి సంఘ సేవలో స్థానము లేదనిరి. వారి ఉద్దేశము సరియైనదే. కాని ప్రేమకొరకు పుట్టిన విందు న్యాయస్థానముగా మారినప్పుడు కొందరు నోట అన్నము పెట్టుకొని హృదయమును ఇంటియొద్ద విడిచి వచ్చిరి. బలవంతముగా వేసిన పంక్తి పైకి సమముగా కనబడును. లోపల గోడలు అట్లే యుండును.

మన తెలుగు దేశమున ఫాక్సు, నోబులు దొరలు 1841లో మచిలీపట్నములో పని ప్రారంభించిరి. 1852లో నోబులు పాఠశాలలో అగ్రకులముల యువకులు ఇద్దరు బాప్తిస్మము పొందినప్పుడు పట్టణమంతయు అల్లకల్లోలమాయెను. 1859లో రాఘవాపురపు పగోలు వెంకయ్యగారితో పేటలలో సువార్త తలుపు తెరువబడెను. ఒంగోలులో క్లౌ దొర కరవు పని నడుచుచున్నంత కాలము బాప్తిస్మములు నిలిపివేసెను. అన్నముకొరకు వచ్చిరను మాట రాకూడదని ఆయన జాగ్రత్త. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మెదకులో పాస్నెట్టు దొర కరవు దినములలో పనియు ఆహారమును కల్పించుచు కట్టించిన దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. మన సంఘ చరిత్ర పొడుగునను అన్నము ప్రక్కనే సువార్త నడచినది. అది సిగ్గుపడవలసిన సంగతి కాదు. ఐదువేలమందికి ఆహారము పెట్టిన ప్రభువును వెంబడించువారము మనము.

1910లో ఎడింబరో మహాసభలో, అప్పటికి డోర్నకలులో సేవచేయుచుండిన అజరయ్యగారు మిషనెరీల త్యాగములకు వందనములు చెప్పి, మాకు స్నేహితులు కావలెనని అడిగిరి. దాతకును గ్రహీతకును మధ్య లేనిదేదో ఆయన గుర్తెరిగిరి. 1912 డిసెంబరు 29న ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైన తరువాత, మాల మాదిగ పేటలవారు ఒకరి నీళ్లు ఒకరు ముట్టని ఆ దినములలో, వారిని ఒక్క సంఘముగా కూర్చుటకు ఆయన ప్రయాసపడిరి. 1919లో తరంగంబాడిలో ఆయనయు మరికొందరును ఆరంభించిన ఐక్యతా ప్రయత్నము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘమై ఫలించెను. అజరయ్యగారు 1945 జనవరి 1ననే ప్రభువు సన్నిధికి చేరిరి. సిద్ధాంతములు, అధ్యక్షత్వము మొదలగు పెద్ద ప్రశ్నలపై సంవత్సరముల తరబడి చర్చలు జరిగినవి. గ్రామములలోని ప్రశ్న మాత్రము ఒక్కటే: వారి యింటి కూర మన విస్తరిలో పడునా?

కోతపండుగ

దానికి మన గ్రామ సంఘములు ఇచ్చిన జవాబు కోతపండుగ. ఇంగ్లండులో 1843లో కార్న్‌వాల్ ప్రాంతపు మోర్వెన్‌స్టో గురువైన రాబర్టు హాకరు ఈ ఆరాధనకు నూతన జీవము పోసెను. మన నేలపైకి వచ్చుసరికి అది ద్వితీయోపదేశకాండములోని ప్రథమఫలముల గంపకు మరింత దగ్గరయ్యెను. వడ్ల బస్తాలు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, గ్రుడ్లు బలిపీఠము ముందు చేరును. వండుకొను ప్రతిపూట స్త్రీలు తీసియుంచిన పిడికెడు బియ్యమును చేరును. వేలము పాటలో నవ్వులు, ఆ తరువాత అందరికిని భోజనము. ఈ భోజనములో మేము మిక్కిలి మెచ్చుకొను పద్ధతి యొకటి కొన్ని గ్రామములలో నున్నది. సంఘ సొమ్ముతో అన్నము మాత్రము పెద్ద డేగిసాలలో వండుదురు. తక్కినది ఇంటింటనుండి వచ్చును. ముద్దపప్పు, నెయ్యి, పచ్చిపులుసు, గోంగూర పచ్చడి, ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, వడియాలు, అప్పడములు, స్తోమత గలవారు తెచ్చిన కోడికూర, చివరకు కుండెడు మజ్జిగ. అన్నియు వరుసగా బల్లపై నుంచుదురు. ఎవరి విస్తరి వారు తమకు నచ్చినట్లు దిద్దుకొందురు.

ఈ ఏర్పాటులో గొప్ప జ్ఞానమున్నది. పండ్లు లేని ముదుసలికి మెత్తని అన్నము, పప్పు. పిల్లవానికి నెయ్యి, పొడి. చక్కెర వ్యాధి గలవాడు తనకు తగినంతే వడ్డించుకొనును, ఎవరును బలవంతపెట్టరు. అన్నిటికంటె ముఖ్యమైనది, కందిపొడి మాత్రమే తేగలిగిన విధవరాలి గిన్నె, కోడికూర గిన్నె ప్రక్కనే నిలుచును. తినువాడు రెంటికిని చేయి చాపును. ఏ గిన్నె ఎవరిదో ఎవరును అడుగరు.

మన యెదుట నున్న పని

ఇటీవల మన పండుగలలో క్యాటరింగు భోజనములును ప్యాకెట్లును ప్రబలినవి. వేలాదిమంది కూడునప్పుడు అవి అవసరమే, వాటిని నిందింపము. కాని ఒక్క సంగతి గమనింపవలెను. కూలికి వండించిన అన్నము ఎవరి యింటిదియు కాదు. దానిని తినుటకు ఎవరును ఎవరి చేతి వంటకును లొంగనక్కరలేదు. కావున అంతియొకయ ప్రశ్నకు జవాబు చెప్పకయే మనము ఒక్క పందిరి క్రింద వేయిమందిమి భోజనము చేసి లేచిపోగలము. వివాహ సంబంధములయందును సంఘ ఎన్నికలయందును పాత గోడలు ఇంకను తలయెత్తుచున్నవని ఎరిగియున్న మనము, ఈ సౌకర్యము మనలను దేనినుండి తప్పించుచున్నదో యోచింపవలదా?

కావున శతవార్షికోత్సవ మహాసభ భోజనము ఎట్లు జరిగినను, ఈ సంవత్సరమున ప్రతి గురుమండలములోను, ప్రతి సంఘములోను ఒక్కసారియైనను ఇంటింటి ప్రేమవిందు జరుపవలెనని మనవి. అన్నము సంఘముది కావలెను. ఏమియు తేలేనివాడును తలవంచుకొనక రావలెను. ప్రతి గిన్నె ఒకే బల్లపై పేరు లేకుండ నుండవలెను. కూలికి పోయినవారు తిరిగి వచ్చువరకు ప్రార్థన మొదలిడరాదు. పెద్దలును గురువులును కడపట విస్తరి తీసికొనవలెను. రాలేని రోగులకు మొదటి క్యారియరు కట్టి పంపవలెను. చేతులు కడిగిన తరువాత తొందరపడి లేవక, వెస్లీ దినములలోవలె ఒకరిద్దరు సాక్ష్యము చెప్పవలెను, ఒక కీర్తన పాడవలెను. ఖర్చు కొంచెమే.

నూరు సంవత్సరములు మనలను పోషించిన దేవుడు, రెండవ శతాబ్దములో అడుగిడుచున్న మన సంఘమును ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొను సంఘముగా చేయునుగాక. ఆమేన్.