ఎల్లంపల్లి ఎగువన రేవుల నడక: సాహిత్యానికి దొరికే ఆధారాలు ఎంత?

విశాఖ వన్‌టౌన్‌లోనో బందరులోనో సాహిత్య నడక ఏర్పాటు చేసేవారి పని కొంత తేలిక. అక్కడ ఓడరేవు ఉంది, కంపెనీల కాలం నాటి కట్టడాలున్నాయి. బందరులో కృష్ణాపత్రిక నడిచింది, జాతీయ కళాశాల పుట్టింది. ఏ వీధిలో ఎవరు రాశారో చెప్పడానికి కాగితం సాక్ష్యంగా నిలుస్తుంది. మంచిర్యాల నుంచి బయల్దేరి గోదావరి రేవుల వెంట అలాంటి నడక చేయించాలంటే అంత కాగితం దొరకదు. దొరికేవి వేరు: మట్టిలోంచి తీసిన నాణేలు, బండ మీద చెక్కిన పద్యాలు, మకుటంలో ఊరి పేరు మోసే శతకం, దీపావళికి ముందు రేవుకు చేరే దండారి మేళాలు. ఇవి నాలుగు రకాల ఆధారాలు, నాలుగింటి బలమూ ఒకటి కాదు. మార్గదర్శకుడు ఆ తేడాను నడిచేవారికి అక్కడికక్కడే చెప్పాలన్నది నా వాదన. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. లక్షల మంది ఈ గట్ల మీదికి వచ్చే ఆ రోజుల్లో ఏ కథ చెబితే ఆ కథే నిలిచిపోతుంది. ఇప్పుడే జాగ్రత్త పడడం మంచిది.

నేను అనుకుంటున్న దారి ఇది. మంచిర్యాల నుంచి లక్షెట్టిపేట మీదుగా దండేపల్లి మండలంలోని గుడిరేవు, అక్కడి నుంచి రాయపట్నం వంతెన దాటి ధర్మపురి, తిరుగు దారిలో కోటిలింగాల. మధ్య దూరాలకు బండి కావాలి. రేవుల దగ్గర మాత్రం నడకే.

మొదట తేల్చుకోవలసింది, ఇవి ఓడరేవులా అన్నది. గోదావరిని జలమార్గంగా మార్చాలన్న పెద్ద ప్రయత్నం ఒకటి నిజంగానే జరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఆలోచనతో ఎగువ గోదావరి నౌకాయాన పనులు మొదలయ్యాయి. బేరారు పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చడం లక్ష్యం. 1860 ఒప్పందంలో నిజాం ఎడమగట్టు తాలూకాలు కొన్నింటిని బ్రిటిష్ వారికి అప్పగించాడు, నది మీద సరుకుల సుంకమూ ఎత్తేశాడు. సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమైంది. దారికి అడ్డుపడే రాతి మెట్లు మూడు: దుమ్ముగూడెం, ఇచ్ఛంపల్లి, దేవలమర్రి. ఈ మూడో పేరు దగ్గరే మన ప్రశ్నకు జవాబుంది. దేవలమర్రి ప్రాణహిత మీద ఉంది. అంటే పథకం సిరోంచ దగ్గర గోదావరిని వదిలి ప్రాణహిత, వార్ధా నదుల వెంట పత్తి నేలలకు వెళ్లిపోయింది. మంచిర్యాల, ధర్మపురి ఉన్న పాయ అందులో లేనే లేదు. 1867లో రైలు నాగపూర్ చేరింది, 1871లో నౌకాయాన పనులు ఆపేశారు. మంచిర్యాలకు దూరపు సరుకు తెచ్చిన దారి చివరికి కాజీపేట–బల్లార్షా రైలు మార్గమే. అది 1929 నాటికి పూర్తయింది. కాబట్టి ధర్మపురిని పాత ఓడరేవు అని బోర్డు రాస్తే ఈ ఆధారాలు ఒప్పుకోవు. దాటు రేవు, స్నానాల రేవు, యాత్రికుల రేవు అనడానికి ఏ ఇబ్బందీ లేదు.

కోటిలింగాల సంగతి కొంత భిన్నం. వెల్గటూరు మండలంలో పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఈ ఊరుంది. కోటేశ్వరస్వామి గుడి మెట్ల మీద నిలబడితే నది, వాగు, పాత దిబ్బ మూడూ ఒకే చూపులో పడతాయి. ఇక్కడ దొరికిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి ప్రకటించాక దక్కన్ చరిత్ర చదివేవారంతా ఈ ఊరి వైపు తిరిగారు. 1979 తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇటుక కట్టడాలు, మట్టికోట గోడ ఆనవాళ్లు బయటపడ్డాయి. గోబద, నారన, కంవాయసిరి, సమగోప పేర్లున్న నాణేలు శాతవాహనులకు ముందటివి. వాటి తర్వాత ఛిముకుడివి, సిరి శాతవాహనుడివి, శాతకర్ణివి. వేలిగోరంత, కాస్త పెద్దవైతే బొటనవేలంత లోహపు బిళ్లలు. అంచున బ్రాహ్మీ అక్షరాలు సగం ముద్రలో పడి, సగం బయటికి జారి ఉంటాయి. అలా ఒక నాణెం మీద తెగిన పేరును మరో నాణెం మీది అక్షరాలతో పూరించుకుంటూ చదివారు. నడకలో ఈ విషయం చెప్పితీరాలి. ఒక రాజు పేరు మనకు ఎంత సన్నటి దారం మీద అందిందో నడిచేవారికి తెలుస్తుంది.

ఈ నాణేలు ఏం రుజువు చేస్తాయి? తొలి శాతవాహనుల డబ్బు ఇక్కడ చెలామణీ అయిందని, వారికంటే ముందే ఇక్కడ పేరు వేసుకోగల పాలకులు ఉన్నారని. శాతవాహనుల తొలి రాజధాని ఇదేనని బోర్డుల మీద కనిపించే మాట అంతకంటే ఒక మెట్టు పైది. నాణెం ఊళ్లు తిరుగుతుంది, పుట్టిన చోటే పడి ఉండదు. అదే కాలపు పెద్దబంకూరులో, పెద్దపల్లికి దగ్గర్లో, ఒక్క కుండలోనే సుమారు 22 వేల నాణేలు దొరికాయి. అయినా దాన్ని రాజధాని అనడానికి చరిత్రకారులు తొందరపడలేదు. కోటిలింగాల తొలి శాతవాహన కేంద్రాల్లో ముఖ్యమైనది అన్నంత వరకు నాకు అభ్యంతరం లేదు. నదీ సంగమం, కోట, రకరకాల పాలకుల డబ్బు కలిసి ఇది వర్తకులు ఆగిన రేవు అనడానికి మంచి సూచనలే. సూచనలన్న మాటను మాత్రం మింగేయకూడదు.

సాహిత్యం ఇక్కడ గాథాసప్తశతి రూపంలో వస్తుంది. శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే ప్రాకృత సంకలనమది. గోదావరి ఒడ్డు అందులో పలుమార్లు కనిపిస్తుంది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దాని సారాన్ని తెలుగులోకి తెచ్చారు. కోటిలింగాల గట్టు మీద ఆ గాథల గురించి మాట్లాడడం న్యాయమే, ఎందుకంటే పేరు, కాలం, నది మూడూ కలుస్తాయి. ఈ గట్టునే చూసి రాశారని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. శాతవాహనుల ప్రతిష్ఠానం కూడా, ఇప్పటి పైఠాన్, ఇదే నది ఒడ్డున ఎన్నో వందల కిలోమీటర్ల ఎగువన ఉంది. పైగా ఆ సంకలనంలో తర్వాతి కాలపు గాథలు చేరాయని పండితులు చాలాకాలంగా చెబుతున్నారు. సుత్తనిపాతంలో గోదావరి తీరాన అస్సక దేశంలో ఉన్న బావరి కథా అంతే. ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తి లంక ఆయన ఆశ్రమమని చెబుతారు. వినదగిన ఊహే, దాన్ని ఊహగానే చెప్పాలి.

ఇక ధర్మపురి. ఇక్కడ మార్గదర్శకుడు జారిపడే చోటు ఒకటుంది, దాని గురించి నిదానంగా చెప్పాలి. కన్నడ ఆదికవి పంపడు వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్నాడు. 941 ప్రాంతంలో విక్రమార్జున విజయం రాసినందుకు రాజు అతనికి ధర్మవురమనే అగ్రహారం ఇచ్చాడు. పేరు వినగానే ధర్మపురి గుర్తుకొస్తుంది. పాత కరీంనగర్ జిల్లాలోనే కాబట్టి నమ్మడమూ సులువే. కానీ పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించిన కుర్క్యాల శాసనం చూడండి. గంగాధర మండలంలో బొమ్మలగుట్ట మీద, చక్రేశ్వరి, జైన తీర్థంకరుల బొమ్మలు చెక్కిన బండ మీదే అది ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ ఆ ఒక్క రాతి మీదే కనిపిస్తాయి. తెలుగు కంద పద్యాల్లో ఇప్పటికి దొరికిన తొలివాటిగా అక్కడి మూడు పద్యాలకు గొప్ప పేరు. ఆ శాసనమే తన స్థలాన్ని కూడా చెబుతుంది: సబ్బినాడు నడుమ, ధర్మవురానికి ఉత్తరాన ఉన్న వృషభగిరి అని.

దిక్కు చూసుకుంటే చాలు. గుట్ట ధర్మవురానికి ఉత్తరాన ఉందంటే ధర్మవురం గుట్టకు దక్షిణాన ఉండాలి. మన ధర్మపురి కుర్క్యాలకు దక్షిణాన లేదు. జగిత్యాల దాటి, ఇంకా ఉత్తరాన, గోదావరి ఒడ్డున ఉంది. పేర్ల పోలిక ఒక వైపు, రాతి మీద చెక్కిన దిక్కు ఒక వైపు ఉంటే నేను రాతి వైపే నిలబడతాను. పంపడి అగ్రహారం ధర్మపురి రేవు కాదనే అనుకోవాలి, దానికి విరుద్ధంగా మరో శాసనం దొరికే దాకా. ఇందులో ధర్మపురికి తగ్గిందేమీ లేదు. నడకలో ఒక పూట బొమ్మలగుట్టకు కూడా తీసుకెళ్లి ఆ అక్షరాలు చూపించి, దిక్సూచి చేతికిచ్చి, వాదనను అక్కడే తేల్చుకోమనవచ్చు. తెలుగు పద్యాన్ని పుట్టిన బండ మీదే చూడగలిగే చోట్లు మనకు ఎన్నో లేవు.

ధర్మపురికి సొంత కవి శేషప్ప ఉన్నాడు. సాహిత్య చరిత్రలు అతన్ని సాధారణంగా 18వ శతాబ్ది వాడిగా లెక్కిస్తాయి. నరసింహ శతకం రచన సీస పద్యాలలో సాగింది. ప్రతి సీసం చివర ఎత్తుగీతిలో మకుటం వస్తుంది, ఆ మకుటంలో స్వామి ధర్మపురి నివాసి. పరిశోధన చేసేవారికి ఇది మంచి బలం. చాటు పద్యానికి ఊరు అంటగట్టవచ్చు. ఈ శతకంలో ఊరు పద్యం కట్టులోనే ఉంది, దాన్ని తీస్తే మకుటమే కూలుతుంది. అందుకే కవి ఇల్లు ఎక్కడ, ఏ అరుగు మీద కూర్చున్నాడు అన్న ప్రశ్నలకు జవాబు వెతకడం కంటే, శతకంలో కనిపించే భక్తుడు స్వామితో ఎలా మాట్లాడాడో గుడి ముందు నిలబడి చదివించడం మేలు. ఆ గొంతులో బతిమాలడం ఉంది, నిష్ఠూరం ఉంది, చనువు ఉంది. తెలంగాణ పల్లెల్లో చదువు రాని వాళ్ల నోటికి కూడా ఆ పద్యాలు రావడానికి కారణం ఆ చనువేనని నా నమ్మకం.

ఊరి నడక ఇలా ఉండవచ్చు. లక్ష్మీనరసింహస్వామి గుడి, పక్కనే రామలింగేశ్వరుడు, అదే ఆవరణలో అరుదైన యమధర్మరాజు గుడి. బయటికొస్తే బ్రహ్మపుష్కరిణి, మనవాళ్లకు కోనేరు. ఫాల్గుణ బ్రహ్మోత్సవాల్లో తెప్పోత్సవం, డోలోత్సవం ఈ కోనేట్లోనే జరుగుతాయి. కోనేటి నుంచి సందుల్లో దిగితే గోదావరి మెట్లు. ఇక్కడ నది దక్షిణవాహిని అంటారు, దిగువన చెన్నూరులో ఉత్తరవాహిని. ఇది నమ్మకంతో ఆగిపోయే మాట కాదు. దిక్సూచితో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అలా చూసుకునే అవకాశం ఉన్న మాట దొరికినప్పుడు మార్గదర్శకుడు వదలకూడదు.

అవతలి గట్టున గుడిరేవు. ఇక్కడి పద్మల్‌పురి కాకో గుడికి దీపావళికి ముందు గోండు దండారి బృందాలు వస్తాయి. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు, డోలు, గుమేల, నది నీళ్లు. గోండుల పురాణాలను కీక్రి వాయిస్తూ పాడేది ప్రధాన్ గాయకులు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1948లో అచ్చయిన ఆదిలాబాద్ రాజ్ గోండుల పుస్తకంలో ఆ కథల్ని, పూజల్ని వివరంగా రాశాడు. గుస్సాడీ నృత్యం నేర్పిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. రాత లేనంత మాత్రాన ఇది సాహిత్య స్థలం కాదనడం తప్పు. కానీ ఇక్కడి పద్ధతి వేరు: బయటి మార్గదర్శకుడు కథ చెప్పకూడదు. పాడేవారు పాడితే వినాలి, వారు వద్దన్న చోట ఫోన్లు లోపల పెట్టాలి. పూజ జరిగే రోజున గుంపును తీసుకెళ్లాలంటే ముందుగా పూజారి అయిన కటోడాను, ఊరి పటేల్‌ను అడిగి ఒప్పించుకోవాలి.

అత్యవసరంగా సేకరించవలసిన ఆధారం ఒకటి మిగిలింది: వంతెన రాకముందు ఈ రేవుల్లో జనాన్ని దాటించిన పడవవాళ్ల మాట. గంగపుత్రుల ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వారిని ఒకచోట కూర్చోబెట్టి అడిగితే ఒకరి మాటను మరొకరు అందుకుంటారు. విడివిడిగా, అవే ప్రశ్నలు అడగాలి. ఏ నెల నుంచి ఏ నెల దాకా పడవ తిరిగేది, ఎడ్లను ఎలా దాటించేవారు, కూలి పైసల్లోనా గింజల్లోనా, ధర్మపురి జాతరకు ఏ ఊళ్లవాళ్లు ఏ రేవు నుంచి ఎక్కేవారు. చెప్పిన సంవత్సరాలను పెద్ద వరదలతో, పుష్కరాలతో పోల్చి చూసుకోవాలి. ఇద్దరు ముగ్గురి మాట కలిస్తేనే నడక పుస్తకంలోకి ఎక్కించాలి. ఒక్కరే చెప్పిందాన్ని వారు చెప్పినట్టుగానే ఉంచాలి.

కాలం విషయానికొస్తే, శ్రీపాద ఎల్లంపల్లి జలాశయంలో దాదాపు 20 టీఎంసీల నీళ్లు పడతాయి. నిండినప్పుడు ఆ వెనుక జలాలు కోటిలింగాల గట్టును ఒరుసుకుంటాయి. దిబ్బను, వాగు కలిసే చోటును సరిగ్గా చూపాలంటే నీళ్లు తగ్గిన ఎండాకాలం మొదట్లో, పొద్దున్నే బయల్దేరాలి. ధర్మపురిని బ్రహ్మోత్సవాల రద్దీ తగ్గాక, సాయంత్రానికి ఉంచుకోవాలి. దిబ్బ మీద పెంకులు, నాణేలు కంటపడితే ఎవరూ జేబులో వేసుకోకుండా, ఎక్కడ కనిపించాయో రాసి పురావస్తు శాఖకు తెలపాలని బయల్దేరే ముందే అందరికీ చెప్పాలి. చోటు తెలియని నాణేనికి ఈ రేవు గురించి చెప్పగలిగే మాట చాలావరకు పోతుంది.