ఆరోగ్యశాల ఎదుట సత్రం: కృష్ణా పరిసరాల వైద్యనిర్మాణాలపై ఒక పరిశీలన

వైద్యశాల నిర్మాణాన్ని గూర్చిన చర్చలలో రోగి మంచం, శస్త్రచికిత్సాగృహం, గాలి వెలుతురులు ప్రధానస్థానం పొందుతాయి. రోగి వెంట వచ్చినవారు ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ వండుకోవాలి అన్న ప్రశ్న తరచు నిర్మాణపటానికి వెలుపలే మిగిలిపోతుంది. నూజివీడు మామిడితోటల పల్లెలకు ఇది చిన్న ప్రశ్న కాదు. కాన్పు కష్టమై ఏలూరుకో విజయవాడకో గుంటూరుకో బయలుదేరిన స్త్రీ వెంట తల్లీ అత్తా తప్పక వెళ్తారు. అది కాయకోతల కాలమైతే కూలి పోగొట్టుకొని వచ్చినవారికి పూటకూటి ఖర్చే భారమవుతుంది.

ఈ ప్రాంతంలో వైద్యశాలకు సంబంధించిన ప్రసిద్ధ ప్రాచీనసాక్ష్యం మల్కాపురం శాసనం. శక సంవత్సరం 1183, అనగా క్రీ.శ. 1261 నాటిది, రుద్రమదేవి కాలం. గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునికి దానంగా లభించిన మందడం, వెలగపూడి గ్రామాల ఆదాయం మూడు భాగాలైంది. అందులో ఒక భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి కేటాయింపబడింది. గదుల కొలతలను శాసనం చెప్పదు. అయినా ప్రసవానికీ రోగానికీ వేర్వేరు శాలలను పేర్కొనడంలోనే ఒక నిర్మాణవివేకం ఉన్నది: బాలింతను రోగుల నడుమ ఉంచరాదు. విప్రసత్రం రోగి బంధువుల కోసమే ఏర్పడిందనడం మాత్రం తొందరపాటు. చికిత్సకూ అన్నానికీ ఒకే పద్దు నుండి వ్యయం చేశారన్నంత వరకే శాసనం మనకు ఆధారమిస్తుంది. (ఆ వెలగపూడిలోనే నేడు రాష్ట్ర సచివాలయం ఉన్నది.)

వైద్యశాలకూ సత్రానికీ గల సంబంధం స్పష్టంగా కనిపించేది గుంటూరులో. అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1883లో అక్కడికి వచ్చి, ఆ శతాబ్ది చివరి దశకంలో స్త్రీలకూ పిల్లలకూ వైద్యశాల నిర్మింపజేసింది. నాటి ఆచారవంతుల కుటుంబాలకు చికిత్స కంటె భోజనమే పెద్ద చిక్కు. పరుల చేతి వంట ముట్టరు, వంటకు వేరు చోటు కావాలి. ఈ అవసరాన్ని తీర్చినవాడు ఏలూరు జమీందారు, కవి రాజా మంత్రిప్రెగడ భుజంగరావు. తన కుటుంబానికి కుగ్లర్ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఆయన ఆ వైద్యశాల ఎదుట రోగుల బంధువులకు సత్రం కట్టించాడు. సాహిత్యచరిత్రలు ఆయన కావ్యాలను స్మరించినంతగా ఈ సత్రాన్ని స్మరించకపోవడం విచారకరం. దాత ఉద్దేశం కృతజ్ఞతే కావచ్చు. ఫలితం మాత్రం విదేశీ నిర్మాణపటంలో లేని ఒక భాగాన్ని వీధికి ఆవలివైపున చేర్చడం.

ఆ కాలపు పాశ్చాత్య నిర్మాణశాస్త్రంలో కొలమానం మంచమే. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో ప్రకటించిన ‘నోట్స్ ఆన్ హాస్పిటల్స్’ ఒక్కొక్క రోగికి ఎంత గాలి, ఎంత చోటు కావాలో, కిటికీలు ఎట్లుండాలో లెక్కించింది. ఆ లెక్క అవసరమైనదే. కాని మంచం పక్కన చాప పరచుకొనే తల్లి అందులో ఒదగదు.

ఆమెకు మన వైద్యశాలలలో మిగిలిన చోటు వసారా. ఎండనూ వాననూ గోడకు దూరంగా ఉంచడానికి కట్టిన ఆ వసారాయే రాత్రివేళ సహాయకుల పడకగదిగా మారింది. ఎవరూ గీయని సత్రమది. 2022లో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది. భుజంగరావు ఊరే ఈ పల్లెలకు జిల్లాకేంద్రమైంది. అక్కడికి వెళ్లిన బంధువు ముందుగా వెదికేది ఇప్పటికీ నీళ్ల కుళాయి, నీడ, నడుము వాల్చేంత నేల. చల్లదనపు యంత్రాల కోసం వసారాలకు అద్దాలు బిగించిన కొత్త కట్టడాలలో ఆ నేల కూడ లేదు.